పిల్లలతో కొడైకెనాల్: ఈ-పాస్ నుంచి పళని కొండ దాకా

మేం కొడైకెనాల్ వెళ్ళొచ్చామని తెలిసిన దగ్గర్నుంచి మా అపార్ట్‌మెంట్‌లోనూ, పాప స్కూల్ వాట్సాప్ గ్రూపులోనూ అందరూ అడుగుతున్నది ఒకటే, "పాస్ దొరికిందా? ఎట్లా తీసుకున్నారు?" అని. అందుకే ముందు దాని సంగతి చెప్పేసి తర్వాత అసలు కష్టాలకి వస్తా. మేం చిత్తూరులో బయల్దేరింది 2025 మే 12, సోమవారం. ఇల్లు చేరింది 16వ తేదీ అర్ధరాత్రికి. నేను, మా ఆయన, మోకాళ్ళ నొప్పుల మా అత్త, తొమ్మిదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు. సొంత కారు.

2024 మే 7 నుంచి ఊటీకైనా కొడైకైనా బయటి నుంచి కారులో పోతే ఈ-పాస్ ఉండాల్సిందే, మద్రాసు హైకోర్టు ఆర్డర్ అది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ సీజన్‌కి కోటా కూడా పెట్టారు, కొడైకి మామూలు రోజుల్లో 4,000 బండ్లు, శని ఆదివారాల్లో 6,000. ఈ లెక్క విన్న రోజు నుంచి మా మరిది నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. "వదినా, దర్శనం టికెట్ల మాదిరి నిమిషాల్లో అయిపోతాయంట, చూసుకో" అని రోజూ ఫోన్. తిరుమల టికెట్ల కోసం పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుని అలవాటైన జిల్లా మనది, భయం ఊరికే రాదు కదా. తీరా ఏప్రిల్ 26న ఈపాస్ డాట్ టీఎన్ఈజీఏ డాట్ ఆర్గ్ తెరిచి చూస్తే పది నిమిషాల పని. ఫోన్ నంబరుకి ఓటీపీ వస్తుంది, ఆ తర్వాత కారు నంబరు, ఎంతమంది, ఏ రోజు వచ్చి ఏ రోజు పోతారు, ఎక్కడ దిగుతారు అని అడుగుతుంది. క్యూఆర్ కోడ్‌తో పాస్ వచ్చేస్తుంది, పైసా ఖర్చు లేదు. మా వీధిలో ఒక నెట్ సెంటర్‌లో దీనికి 200 అడుగుతున్నారు, ఇవ్వకండి. కావాలనే మంగళవారం కొండ ఎక్కేలా పెట్టుకున్నాం కాబట్టి మాకు తేదీ దొరకడం ఇబ్బంది కాలేదు, శనివారం కావాలనుకున్న వాళ్ళ అనుభవం వేరేగా ఉండొచ్చు. బస్సులో పోయే వాళ్ళకైతే ఈ పాస్ గొడవే లేదు.

పాస్‌లో ఎక్కడ దిగుతారో రాయాలి గనక రూమ్ ముందే చూసుకోవాలి. నిజమైన టెన్షన్ ఇక్కడే మొదలైంది. మా మరిది ఒక కాటేజీ ఫోటోలు పంపాడు, లోయ అంచున, ముందర పొగమంచు, రాత్రికి చలిమంట. చూస్తే నాక్కూడా మనసు లాగింది, అబద్ధం ఎందుకు. కానీ అది ఊరికి 14 కిలోమీటర్ల దూరం, చివరి రెండు కిలోమీటర్లు జీపులో పోవాలంట. నాలుగేళ్ళ పిల్లోడితో అన్నం తినడానికో, మందుల షాపుకో, టాయిలెట్‌కో ప్రతిసారీ ఆ దారిన పైకీ కిందకీ తిరగడం ఊహించుకుని వద్దన్నా. నా షరతు ఒకటే, చెరువు దగ్గరికి నడిచి పోగలగాలి. కొడై అంటే ఆ చెరువే. 1863లో లెవింజ్ అని మదురై కలెక్టరుగా చేసిన దొర కట్ట వేయించి చేసిన చెరువు అది. నక్షత్రం ఆకారం, దాదాపు 60 ఎకరాలు, చుట్టూ ఐదు కిలోమీటర్ల రోడ్డు. బోట్లు, సైకిళ్ళు, గుర్రాలు, మొక్కజొన్న కంకులు, పిల్లలకి కావాల్సినవన్నీ ఆ రోడ్డు మీదే ఉంటాయి. పిల్లోడు ఏడుపు మొదలెట్టిన పది నిమిషాల్లో రూమ్‌కి తెచ్చి పడుకోబెట్టేయొచ్చు.

ఆ వారమంతా లాడ్జీలకి ఫోన్లు చేశా. ఏ ఒక్కరూ "చెరువుకి దూరం" అని చెప్పరు, అందరిదీ "నడిచే దూరమే మేడం". అందుకని నేను మ్యాప్ ముందు పెట్టుకుని అడగడం మొదలెట్టా. బోట్‌హౌస్ నుంచి మీ గేటు దాకా ఎత్తు ఎంత ఉంది, మెట్లెన్ని, కారు లోపలే పెట్టుకోవచ్చా రోడ్డు మీద పెట్టాలా, వేడినీళ్ళు ఎప్పుడొస్తాయి, పిల్లలకి ఎక్స్‌ట్రా బెడ్ డబ్బులు తీసుకుంటారా. మెట్లెన్ని అని అడగ్గానే ఇద్దరు నవ్వేశారు, ఒకాయన మాత్రం నిజాయితీగా "అమ్మా, పెద్దావిడ ఉంటే మా దగ్గరికి రావద్దు, నలభై మెట్లున్నాయి" అన్నాడు. చిత్తూరులో పెరిగితే తమిళం ఎట్లాగూ వచ్చేస్తుంది కాబట్టి తమిళంలోనే మాట్లాడా, దానికి విలువుంది. యాప్‌లో 5,200 చూపించిన రూమ్ నేరుగా ఫోన్ చేస్తే 3,800కి వచ్చింది. సగం అడ్వాన్స్, పైన 1,000 డిపాజిట్ (సామాన్లేమన్నా పాడైతే అని) ఏప్రిల్ 25న ఫోన్‌పే చేశాం.

ఇంతలో అత్త కొత్త మాట. "ఎట్లాగూ వేలూరు మీదనే కదమ్మా పోయేది, పక్కనే అరుణాచలం. తొంగి చూసి పోదాం." మామూలు రోజైతే సరే అనేవాళ్ళమే. క్యాలెండర్ చూస్తే మే 12 చిత్రా పౌర్ణమి. ఆ రోజు అరుణాచలంలో గిరి ప్రదక్షిణ జనం మధ్యలో కారేసుకుని, పిల్లల్నేసుకుని దూరడమంటే ఇంక కొడై మర్చిపోవచ్చు. అదే రోజు మదురైలో అళగర్ స్వామి వైగై ఏట్లో దిగే పండగ కూడా, ఆ ప్రభావం దిండిగల్ దాకా ఉంటుందని మాకు తర్వాత తెలిసింది. అత్తకి అరుణాచలం బదులు వచ్చేటప్పుడు పళని ఒప్పుకున్నా. కృత్తిక కృత్తికకీ ఉపవాసముండే మనిషి కాబట్టి సుబ్రమణ్యస్వామి పేరు చెప్పగానే అలక పోయింది.

పొద్దున నాలుగున్నరకి బయల్దేరాం. చిత్తూరులో పెట్రోల్ కొట్టించలేదు, తమిళనాడు బోర్డరు దాటే లెక్కకి సరిపడా ట్యాంకు అడుగున ఉంచుకుని కాట్పాడి దగ్గర ఫుల్ చేయించాం. లీటరుకి ఎనిమిది రూపాయల దాకా తేడా, మన వైపు వాళ్ళకి ఇది కొత్త చెప్పక్కర్లేదు. వేలూరు, కృష్ణగిరి, ధర్మపురి, సేలం, నామక్కల్, కరూరు, దిండిగల్. రోడ్డు బ్రహ్మాండంగా ఉంటుంది, తొప్పూరు దిగుడు దగ్గర మాత్రం లారీల వెనక నెమ్మదిగా పోవాలి, అక్కడ యాక్సిడెంట్లు ఎక్కువ. ఒకే రోజులో కొడై ఎక్కేయొచ్చని చాలామంది అంటారు. పిల్లలు లేకపోతే ఎక్కేయొచ్చు. మేం దిండిగల్‌లో రాత్రి ఆగాలని ముందే అనుకున్నాం, ఎందుకంటే పొద్దున నాలుగున్నర నుంచి కారులో ఉన్న పిల్లల్ని సాయంత్రం ఘాట్ రోడ్డు ఎక్కిస్తే వాంతులు చేసుకోవడం ఖాయం. మధ్యాహ్నం రెండున్నరకి దిండిగల్ చేరితే పండగ జనంతో లాడ్జీ లాబీ కిక్కిరిసి ఉంది. మేం బుక్ చేసుకున్న ఏసీ రూమ్ ఇంకా ఖాళీ కాలేదని గంటన్నర కూర్చోబెట్టారు. రాత్రికి మా ఆయన, పాప సీరగ సాంబ బియ్యం బిరియానీ తిన్నారు, సన్నటి గింజ, మన బాస్మతి వాసన ఉండదు, పాపకి తెగ నచ్చింది.

మంగళవారం ఆరున్నరకల్లా రోడ్డెక్కాం. పిల్లల డాక్టరు రాసిచ్చిన వాంతుల సిరప్ బయల్దేరడానికి అరగంట ముందు తాగించా, టిఫిన్ ఒక్కొక్క ఇడ్లీయే పెట్టా. వత్తలగుండు దాటాక ఘాట్ మొదట్లో కామక్కాపట్టి చెక్‌పోస్ట్. అప్పటికే లైను. ఫోన్‌లో పాస్ చూపిస్తే స్కాన్ చేసి పంపించేశారు, మా వంతు వచ్చాక పట్టింది నిమిషమే, వంతు రావడానికి పట్టింది నలభై నిమిషాలు. మా ముందున్న బెంగళూరు కారాయన పాస్ స్క్రీన్‌షాట్ తీసుకోలేదు, సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి పట్టుకుని రోడ్డు పక్కన అటూ ఇటూ తిరుగుతున్నాడు. కాగితం మీద ప్రింట్ తీసుకుపోండి. ఇంకోటి, కొడైలో ఐదు లీటర్ల లోపు ప్లాస్టిక్ నీళ్ళ బాటిళ్ళు నిషేధం, దొరికితే బాటిల్‌కి 20 రూపాయలు గ్రీన్ ట్యాక్స్ వేస్తారు. మేం ఇంట్లోని స్టీలు బాటిళ్ళే తెచ్చుకున్నాం. కూల్‌డ్రింక్ బాటిళ్ళ మీద కూడా కన్నేస్తారు, పిల్లల చేతిలోవి కిందనే తాగించేయండి.

ఘాట్ అంతా మామూలుగా రెండు గంటలంటారు, మాకు మూడున్నర పట్టింది. సగం దారిలో పాప చెవులు మూసుకుపోయాయని గోల. డమ్‌డమ్ రాక్ దగ్గర ఆగితే దూరంగా మంజళారు డ్యామ్, ఎలుక తోక జలపాతం కనిపిస్తాయి, వేసవి కాబట్టి ఆ తోక ఉందో లేదో అన్నట్టు సన్నగా ఉంది. ఊత్తు అనే చిన్న ఊరి దగ్గర కొండ అరటిపళ్ళు కొన్నాం. పండు చిన్నది, తొక్క మచ్చలు, చూడ్డానికి ఏమీ బాగోదు, తియ్యదనం మాత్రం చెప్పలేను. వాంతి బాబుకి కాదు, అన్ని జాగ్రత్తలు చెప్పిన మా అత్తకి అయింది. పెరుమాళ్‌మలై దాటాక చల్లగాలి తగిలింది. కారు అద్దాలు దించేసి మా ఆయన ఏసీ ఆపేశాడు, చిత్తూరులో 40 దాటిన ఎండ నుంచి వచ్చిన మాకు ఆ గాలి మొహానికి తగులుతుంటే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత సిల్వర్ క్యాస్కేడ్ దగ్గర గంట సేపు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాక అందరికీ మాటలు బాగానే వచ్చాయి.

రూమ్‌లోకి పోగానే అత్త స్విచ్‌లన్నీ వేసి చూస్తోంది. "ఏమ్మా, ఫ్యాన్ ఏదీ?" పైకి చూస్తే కొక్కెం కూడా లేదు. ఏడు వేల అడుగుల ఎత్తులో చాలా లాడ్జీల్లో ఫ్యాన్లు పెట్టనే పెట్టరట. ఫ్యాన్ చప్పుడు లేకుండా మా బాబుకి నిద్ర పట్టదు, ఇది ఎవరూ చెప్పని కష్టం. చివరికి ఫోన్‌లో ఫ్యాన్ శబ్దం వీడియో పెట్టి పడుకోబెట్టా, నవ్వకండి, మీకూ పనికొస్తుంది. వేడినీళ్ళు "ఎప్పుడైనా" అని ఫోన్‌లో చెప్పినాయన అక్కడికెళ్ళాక ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకే అన్నాడు. మధ్యలో కావాలంటే బకెట్‌కి 50. బాబుకి ఎక్స్‌ట్రా బెడ్ వద్దన్నా వినలేదు, రాత్రికి 600 చొప్పున రాసుకున్నాడు. గొడవ పెట్టుకునే ఓపిక లేదు అప్పటికి. చెరువు మాత్రం నిజంగానే ఏడెనిమిది నిమిషాల నడక, అందుకు అతన్ని క్షమించేశా.

సాయంత్రం చెరువు దగ్గరికి పోయాం. పెడల్ బోటు ఎక్కితే మా ఆయనా, పాపా తొక్కుతున్నారు, బాబు లైఫ్‌జాకెట్‌లో మెడ దాకా మునిగిపోయి కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి, తాబేలు మాదిరి. చెరువు మధ్యకి వెళ్ళేసరికి సన్నగా వాన. మేలో అక్కడ మధ్యాహ్నం దాటితే ఏ క్షణమైనా చినుకులు పడతాయి, మాకు ప్రతి రోజూ పడ్డాయి. ఒడ్డుకి రావడానికి ఇద్దరూ రొప్పుతూ తొక్కుతుంటే పాప "నాన్నా, నువ్వు తొక్కడం లేదు, నేనొక్కదాన్నే తొక్కుతున్నా" అని ఏడుపు. బోట్‌హౌస్ చూరు కింద నిలబడి వేడి వేడి కంకులు, కారం నిమ్మకాయ రాసినవి తిన్నాం. ఆ పూట చేసింది అంతే, అందరికీ హాయిగా ఉంది.

బుధవారం పైన్ ఫారెస్ట్, గుణ గుహలు, పిల్లర్ రాక్స్ ఉండే రూటు. మా మరిది ఇచ్చిన లిస్టులో మన్నవనూర్ గొర్రెల ఫారం, బేరిజం చెరువు కూడా ఉన్నాయి. బేరిజానికి అటవీశాఖ పర్మిషన్ కావాలి, ఏనుగులు తిరుగుతుంటే మూసేస్తారు కూడా, పొద్దున్నే లైన్లో నిలబడే పని. మన్నవనూర్ పోనూ రానూ డెబ్బై కిలోమీటర్లు. రెండూ కొట్టేశా. ఎనిమిదింటికే బయల్దేరాం కాబట్టి పైన్ చెట్ల మధ్య ఖాళీగా దొరికింది, పిల్లలు గంటన్నర పరిగెత్తారు, డబ్బులు పెట్టి ఆడించే ఏ ఆటా అంత సేపు ఆడరు. పిల్లర్ రాక్స్ దగ్గర నిలువునా నాలుగు వందల అడుగుల బండలు ఉంటాయి. మేం పోయినప్పుడు మంచు కమ్మి తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు, ఐదు నిమిషాలు తెర తీసినట్టు తీసి మళ్ళీ మూసేసింది. అక్కడ కోతులతో జాగ్రత్త. బాబు చేతిలో చిప్స్ ప్యాకెట్ ఒక కోతి లాక్కుని, వాడి ఎదురుగానే గోడ మీద కూర్చుని ఒక్కొక్కటీ తీసుకుని తింటుంటే వాడు భయపడలేదు, "అది నాది, నాకూ ఒకటియ్యి" అని అడుగుతున్నాడు. పదకొండున్నర తర్వాత ఆ రూటులోకి దూరిన బండ్లు చూస్తే దండం పెట్టాలి, తిరిగొచ్చేటప్పుడు ఎదురు లైను కదలనే లేదు. ఏడు రోడ్ల జంక్షన్ దాటడానికే అరగంట.

గురువారం కారు తియ్యనే లేదు. పొద్దున కోకర్స్ వాక్ నడిచాం, కిలోమీటరు దారి, ఒక పక్కంతా లోయ. పిల్లలున్న వాళ్ళు తొమ్మిది లోపే పోవాలి, తర్వాత మబ్బులొచ్చి ఏమీ కనపడదు. బ్రయంట్ పార్కులో అత్త బెంచీ మీద కూర్చుంటే మేం చెరువు రోడ్డు మీద సైకిళ్ళు తీసుకున్నాం, గంటకి 100 చొప్పున. బ్రేకులు పట్టి చూసుకుని తీసుకోండి, పాపకిచ్చిన మొదటి సైకిల్‌కి వెనక బ్రేకు లేదు, మార్చమంటే మార్చాడు. సాయంత్రం ఆటో మాట్లాడుకుని కురింజి ఆండవర్ గుడికి పోయాం. పన్నెండేళ్ళకోసారి పూసే నీలకురింజి పూలు 2018లో వచ్చాయి, మళ్ళీ 2030లోనే అని ఆటో అన్న చెప్తే పాప వేళ్ళు లెక్కపెట్టుకుని "అప్పటికి నేను ఇంటర్‌కి దగ్గరగా ఉంటా, నన్నెవరు పంపిస్తారు" అంది. దిగాక మార్కెట్లో అత్త కొండ వెల్లుల్లి బేరం ఆడింది. తమిళంలో మొదలుపెట్టి, కోపం వచ్చేసరికి తెలుగులోకి దిగింది. కొట్టామె కూడా తెలుగులోనే "ఏమక్కా, ఏ ఊరు మీది?" అనేసరికి ఇద్దరూ నవ్వుకుని పావుకిలో ఎక్కువ వేయించుకుంది.

శుక్రవారం పొద్దున ఆరున్నరకి ఖాళీ చేసి పళని రోడ్డు పట్టాం. 64 కిలోమీటర్లు, మలుపులు ఎక్కువ, వెడల్పు తక్కువ, దిగేటప్పుడు బాబుకి చివరికి వాంతి కానే అయింది. సంచిలో పాత పేపర్లు, మార్చే బట్టలు పైనే పెట్టుకున్నా కాబట్టి సర్దుకున్నాం. పళనిలో మెట్లు 693, అత్తకి కుదరదు. రోప్‌కార్ లైను రోడ్డు దాకా ఉంటే వించ్‌లో (పట్టాల మీద తాడుతో పైకి లాగే బండి) ఎక్కాం, గంటా పది నిమిషాలు కూర్చుంటే మా వంతు వచ్చింది. పైకి ఫోన్లు తీసుకుపోనివ్వరు, ఫోన్‌కి 5 రూపాయలు కట్టి కింద డిపాజిట్ చేయాలి. పాస్, టికెట్లు, డబ్బులు అన్నీ ఫోన్‌లోనే ఉంటాయి గనక కాస్త నగదు జేబులో పెట్టుకోండి, మా ఆయన జేబులో ఉన్న 300తోనే పైన పనులన్నీ జరిగాయి. అత్త సన్నిధి ముందు కళ్ళు మూసుకుని నిలబడిపోతే వెనక వాళ్ళు తోస్తున్నా కదల్లేదు. పంచామృతం డబ్బాలు ఆరు కొనిపించింది, "మీ మరిదికి రెండు" అని.

రెండింటికి పళని వదిలి ధారాపురం, కరూరు, సేలం మీదుగా వచ్చాం. పదకొండున్నరకి చిత్తూరులో కారు దిగితే, ఆ టైంలో కూడా నేల నుంచి సెగ తగిలింది.

ఖర్చులు అడుగుతారని రాసిపెట్టా. పెట్రోల్ 7,200, టోల్‌గేట్లు రానూ పోనూ 1,400, దిండిగల్ రూమ్ 2,200, కొడైలో రూమ్ ఎక్స్‌ట్రా బెడ్‌తో కలిపి 13,200, తిండి 7,000, బోట్లు సైకిళ్ళు టికెట్లు 3,000, చాక్లెట్లు వెల్లుల్లి పంచామృతం పిల్లల టోపీలు 2,500. మొత్తం 36,500. నేను 30 వేలు అనుకుని పోయా, తిండి దగ్గర తేడా వచ్చింది. చలికి పిల్లలు రెండు గంటలకోసారి ఆకలంటారు, చెరువు దగ్గర మ్యాగీ ప్లేటు 60కి తక్కువ లేదు. రాత్రి పూట స్వెటర్ లేకుండా బయటికి రాలేం, అక్కడ కొనేకన్నా ఇంట్లోవి తీసుకుపోండి.

లాడ్జీ వాళ్ళు డిపాజిట్ 1,000 "సాయంత్రానికి పడుతుంది" అన్నారు, పడలేదు. 19న ఫోన్ చేస్తే ఓనర్ లేరన్నారు. రూమ్ ఖాళీ చేసేటప్పుడు గోడలు, బాత్రూమ్, దుప్పట్లు అన్నీ వీడియో తీసి పెట్టుకున్నా, అది వాట్సాప్‌లో పంపించి తమిళంలో ఒక మెసేజ్ పెట్టా. 22న వచ్చింది, 50 కోసుకుని. మంగళవారం సాయంత్రం అడిగిన వేడినీళ్ళ బకెట్‌కంట.